మెల్నిక్‌ను వైన్ దారిలో చూడటం ఎలా: బల్గేరియాలోని అతి చిన్న పట్టణానికి రెండు రోజుల సమగ్ర మార్గదర్శి

బల్గేరియా నైరుతి మూలన, గ్రీసు సరిహద్దుకు దగ్గర్లో, పిరిన్ కొండల అంచున మెల్నిక్ ఉంది. రికార్డుల్లో ఇది పట్టణం. జనాభా మాత్రం నాలుగు వందల లోపే, బల్గేరియాలో ఇంతకన్నా చిన్న పట్టణం లేదు. అయినా ఈ ఊళ్లో చారిత్రక కట్టడాలుగా గుర్తించిన ఇళ్లు, భవనాలు 96 ఉన్నాయి. చుట్టూ ఇసుక కొండలు, మధ్యలో ఎండిన వాగు, వాగుకు రెండు వైపులా తెల్ల సున్నం వేసిన రాతి గోడల మీద నిలబడ్డ చెక్క మేడలు. ఆ మేడల కింద, కొండ లోపలికి తవ్విన వైన్ నేలమాళిగలు.

ఆ నేలమాళిగలే ఈ ఊరికి అసలు పునాది. ఇక్కడి వర్తకులు వైన్ అమ్మిన డబ్బుతో ఇళ్లు కట్టారు, ఆ ఇళ్లను కూడా వైన్ నిల్వకు అనువుగానే కట్టారు. అందుకే మెల్నిక్‌లో ఊరు చూడటం ఒక పని, వైన్ రుచి చూడటం ఇంకో పని అనుకుంటే సగమే చూసినట్టు. చాలా టూర్లలో బస్సు దిగగానే చేతిలో గ్లాసు పెడతారు. ఆ తర్వాత మధ్యాహ్నం ఎండలో మెట్లెక్కించి పెద్ద ఇల్లు చూపించి, సాయంత్రానికి సోఫియా తీసుకెళ్లిపోతారు. నేను చెప్పే క్రమం దీనికి తలకిందులు. ముందు ఊరు, తర్వాత నేలమాళిగ, ఆ పైన ద్రాక్ష సంగతి, చివరికి గ్లాసు. దీనికి ఒక రాత్రి అక్కడ ఉండాలి. ఉండటానికి సరిపడా చిన్న హోటళ్లు, ఇళ్లలో అద్దెకిచ్చే గదులు ఉన్నాయి.

ఎప్పుడు వెళ్లాలి

మే, జూన్ నెలలు, లేదంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు ఆఖరు దాకా. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ ఎండలు గట్టిగా ఉంటాయి. దక్షిణాన ఉన్న ఏజియన్ సముద్రపు వెచ్చని గాలి స్త్రుమా నది లోయ గుండా ఇక్కడిదాకా వస్తుంది. ద్రాక్షకు ఆ వేడి మంచిదే కానీ, కొండ దారుల్లో నడిచేవాళ్లకు కష్టం.

నన్ను ఒక్క నెల చెప్పమంటే అక్టోబరే చెబుతాను. ఇక్కడి అసలు ద్రాక్ష చాలా ఆలస్యంగా పండుతుంది, కోత అక్టోబరులోనే. అప్పుడు వైనరీల్లో పని నడుస్తూ ఉంటుంది, ద్రాక్ష నలిగిన వాసన గేటు దగ్గరే తగులుతుంది. చలి తట్టుకోగలిగితే ఫిబ్రవరి 14 కూడా మంచి రోజు. ఆ రోజు త్రిఫోన్ జరేజాన్, ద్రాక్షతోటల వాళ్ల పండగ. తీగల కొమ్మలు కొన్ని కత్తిరించి, కోసిన చోట వైన్ పోసి, రాబోయే పంట బాగుండాలని కోరుకుంటారు. కొన్ని ఊళ్లలో దీన్ని ఫిబ్రవరి 1న చేస్తారు కాబట్టి వెళ్లేముందు తేదీ కనుక్కోండి.

వీసా, డబ్బు, ప్రయాణం

2025 జనవరి 1 నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా చాలు. గ్రీసు చూడటానికి వెళ్లినవాళ్లు అదే వీసాతో ఇటు రావచ్చు. 2026 జనవరి 1 నుంచి ఇక్కడ యూరో నడుస్తోంది. పాత బ్లాగుల్లో, వీడియోల్లో ధరలు పాత బల్గేరియా కరెన్సీ లెవాల్లో ఉంటాయి, ఒక యూరోకు దాదాపు 1.96 లెవాలు అని లెక్కేసుకోండి. చిన్న సెల్లార్లలో కార్డు తీసుకోకపోవచ్చు, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

హైదరాబాద్ నుంచి సోఫియాకు నేరుగా విమానం లేదు. దుబాయ్, ఇస్తాంబుల్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారాలి. సోఫియా నుంచి మెల్నిక్ సుమారు 180 కిలోమీటర్లు. స్త్రుమా మోటార్‌వే బాగుంటుంది కానీ మధ్యలో క్రెస్నా లోయ దగ్గర పాత రెండు వరుసల రోడ్డే, లారీల వెనక నెమ్మదిగా పోవాల్సి వస్తుంది. మొత్తం రెండున్నర నుంచి మూడు గంటలు పెట్టుకోండి. గ్రీసులోని థెస్సలోనికీ నుంచి వస్తే దూరం ఇంకా తక్కువ, సుమారు 130 కిలోమీటర్లు.

బస్సులో వెళ్లాలంటే సోఫియా నుంచి సందాన్‌స్కీ పట్టణానికి వెళ్లి అక్కడ మారడం సులువు. సందాన్‌స్కీ నుంచి మెల్నిక్ ఇరవై కిలోమీటర్ల లోపే. లోకల్ బస్సులు రోజుకు కొన్నే కాబట్టి చాలామంది టాక్సీ మాట్లాడుకుంటారు.

కారు అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక మాట. బల్గేరియాలో రక్తంలో ఆల్కహాల్ లీటరుకు అర గ్రాము దాటితే డ్రైవింగ్ నేరం, 1.2 గ్రాములు దాటితే క్రిమినల్ కేసు. ఐదు రకాల వైన్ రుచి చూసి స్టీరింగ్ పట్టుకోవడం అసలు ఆలోచించాల్సిన విషయమే కాదు. టేస్టింగ్ రోజు డ్రైవర్‌ను పెట్టుకోండి, లేదా మీలో ఒకరు ముందే తాగనని మాటివ్వాలి.

గైడ్‌ను మాట్లాడుకునేటప్పుడు ఏం అడగాలి

సోఫియా నుంచి ఒక్క రోజులో రీలా మఠం, మెల్నిక్, రోజెన్ మఠం అన్నీ కలిపి చూపిస్తామనే ప్యాకేజీలు ఉంటాయి. వాటికి వెళ్లొద్దని చెబుతాను. రీలా మఠానికి ఒక రోజు కావాలి, మెల్నిక్‌కు ఒకటిన్నర కావాలి. రెంటినీ ఒక రోజులో కుక్కితే కిటికీలోంచి రోడ్డు చూడటమే మిగులుతుంది.

సోఫియా లేదా సందాన్‌స్కీ నుంచి గైడ్‌ను మాట్లాడుకునేముందు ఈ విషయాలు రాతపూర్వకంగా అడగండి. మెల్నిక్‌లో నడకకు ఎన్ని గంటలు ఇస్తారు? మూడు గంటల కన్నా తక్కువైతే వద్దు. ఊళ్లో ముఖ్యంగా చూడాల్సిన వైన్ వర్తకుల మేడ, కోర్దోపులోవ్ ఇంటి టికెట్టు కలిసి ఉందా? డ్రైవర్, గైడ్ ఒక్కరేనా? ఒక్కరే అయితే పట్టణంలో ఆయన దృష్టి పార్కింగ్ మీదే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: టేస్టింగ్‌లో ఏయే ద్రాక్షల వైన్లు పోస్తారు? జవాబులో కాబెర్నే, మెర్లో తప్ప ఇంకేం లేకపోతే ఆ టూర్ మీకు పనికిరాదు. కాబెర్నే ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. షిరోకా మెల్నిష్కా లోజా అనే ద్రాక్ష మాత్రం ఈ లోయదే. ఆ పేరు వాళ్ల నోటి నుంచి మీరు అడక్కముందే వస్తే, సరైన గైడ్ దొరికినట్టే.

మొదటి రోజు: వాగు వెంట పైకి

మధ్యాహ్నం దాటాక చేరేలా చూసుకోండి. గదిలో సామాను పెట్టి, గట్టి పట్టున్న బూట్లు వేసుకుని, ఊరి కింది చివర నుంచి మొదలుపెట్టండి. ప్రధాన వీధి అంటే వాగు గట్టే. వాగు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉంటుంది కానీ గట్టి వాన పడితే కొండల నుంచి ఇసుకతో కలిసిన నీళ్లు ఒక్కసారిగా వస్తాయి. ఇళ్లను గట్టు మీద, ఎత్తైన రాతి అంతస్తుల మీద కట్టడానికి ఒక కారణం ఇదే.

దారిలో దుకాణాలవాళ్లు చిన్న కప్పుల్లో వైన్ ఇచ్చి రుచి చూడమంటారు. మర్యాదగా తర్వాత వస్తామని చెప్పి ముందుకు నడవండి.

ముందుగా పాషా ఇల్లు అనే మేడలో ఉన్న చరిత్ర మ్యూజియం చూడండి. చిన్నదే, అరగంట చాలు. అక్కడ పాత ఫోటోల్లో కొండ వాలంతా ఇళ్లు కిక్కిరిసి కనిపిస్తాయి. ఆ ఫోటో మనసులో పెట్టుకుని బయటికొస్తే, ఇప్పుడు పొదలు మొలిచిన ఖాళీ వాలులు వేరుగా కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ వీధులుండేవని అప్పుడు అర్థమవుతుంది.

అక్కడి నుంచి పైకి ఎక్కితే బోయార్ ఇల్లు అనే శిథిలం వస్తుంది. ఎత్తైన గోడలు, ఇటుకలతో చేసిన అలంకారం మిగిలాయి. బాల్కన్ ప్రాంతంలో నిలిచి ఉన్న అతి పాత నివాస గృహాల్లో దీన్ని ఒకటిగా చెబుతారు. 13వ శతాబ్దం మొదట్లో అలెక్సీ స్లావ్ అనే ప్రభువు మెల్నిక్‌ను తన స్వతంత్ర రాజ్యానికి రాజధాని చేసుకున్నాడు. ఆయన బల్గేరియా రాజు (జార్) కలోయాన్‌కు మేనల్లుడు. కలోయాన్ తర్వాత సింహాసనం ఎక్కిన బోరిల్‌తో పడక విడిపోయి, చివరికి ఈ కొండల మధ్యకు వచ్చి స్థిరపడ్డాడు. ఊరికి దక్షిణాన కొండ మీద కోట గోడలు, సెయింట్ నికోలస్ చర్చి శిథిలాలు ఉన్నాయి. ఓపిక ఉంటే ఎక్కండి, పైకి వెళ్లడానికి అరగంటకు పైగా పడుతుంది. అక్కడి నుంచి చూస్తే ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు వైపులా నిట్టనిలువు ఇసుక గోడలు, లోపలికి ఒకటే సన్నని దారి.

కోర్దోపులోవ్ ఇల్లు: గంటన్నర కేటాయించండి

మొదటి రోజు నడకకు గమ్యం ఇదే. ఊరి పై చివర, రాతి గోడ మీద ఎత్తుగా నిలబడి కింద నుంచే కనిపిస్తుంది. 1754లో కట్టారు. కోర్దోపులోస్ అనే గ్రీకు వర్తక కుటుంబం వైన్ తయారీ, వ్యాపారం చేసేది. ఆ కాలపు ఇళ్లలో బల్గేరియా మొత్తం మీద అతి పెద్దది ఇదేనని చెబుతారు.

చాలామంది నేరుగా పై అంతస్తు హాలుకు వెళ్లి ఫోటోలు తీసుకుంటారు. మీరు కింద నుంచి మొదలుపెట్టండి. నేలమాళిగ ద్వారం దాటగానే చల్లదనం తగులుతుంది. కొండ ఇసుకరాయిని చేత్తో తవ్వి చేసిన సొరంగాలు ఇవి, మొత్తం పొడవు సుమారు 150 మీటర్లు. ఎండాకాలంలోనూ చలికాలంలోనూ లోపల ఉష్ణోగ్రత పెద్దగా మారదు. వైన్‌కు కావాల్సింది అదే. వేడి ఎక్కితే వైన్ త్వరగా పాడవుతుంది, వేడి చల్ల మాటిమాటికీ మారినా పాడవుతుంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో కొండే ఆ పని చేసింది.

ఇక్కడి పీపాల్లో అతి పెద్దదానిలో 12.5 టన్నుల వైన్ పడుతుంది. తలుపు వెడల్పు చూడండి, పీపా చూడండి. అది బయటి నుంచి లోపలికి వచ్చి ఉండే అవకాశమే లేదు, చెక్క పలకల్ని లోపలికి తెచ్చి అక్కడే బిగించాలి. నేలమాళిగ అంతా కలిపి వందల టన్నులు నిల్వ చేసేవారు. ఒక్క కుటుంబం అంత వైన్ దాచిందంటే అది ఊరి అవసరానికి కాదు. మెల్నిక్ వైన్ వెనిస్‌కు, వియన్నాకు వెళ్లేది.

ఇప్పుడు పైకి వెళ్లండి. మధ్య అంతస్తుల్లో వంటిల్లు, పని గదులు. పై అంతస్తు పెద్ద హాల్లో రెండు వరుసల కిటికీలు, పై వరుసకు రంగుటద్దాలు. ఆ అద్దాలు వెనిస్ తరహావి. చెక్కిన పైకప్పులు, గోడ వెంట వేసిన బల్లలు ఒట్టోమన్ పద్ధతివి. ఇంటి నిర్మాణం ఈ కొండల పద్ధతిది. వ్యాపారం ఎక్కడెక్కడిదాకా వెళ్లిందో ఆ గది చూస్తే తెలుస్తుంది. కొనుగోలుదారుల్ని ఇక్కడే కూర్చోబెట్టేవారు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళితే అద్దాల రంగులు నేల మీద పరుచుకుంటాయి, అందుకే మధ్యాహ్నం తర్వాత రమ్మన్నాను. అయితే మూసే సమయం రుతువును బట్టి మారుతుంది, ఉదయమే ఫోన్ చేసి కనుక్కోండి. అలమారా వెనక దాచిన రహస్య గదిని కూడా చూపించమని గైడ్‌ను అడగండి. డబ్బున్న ఇంటికి దోపిడీ భయం ఎంత ఉండేదో అది చెబుతుంది.

ఊరు ఎందుకు ఖాళీ అయింది

ఈ కథ తెలియకుండా మెల్నిక్‌ను అందమైన బొమ్మలా చూసి వెళ్లిపోవడం నాకు నచ్చదు. ఒట్టోమన్ పాలనలో ఇక్కడ గ్రీకులు, బల్గేరియన్లు, తురుష్కులు కలిసి ఉండేవారు. మొదటి బాల్కన్ యుద్ధంలో, 1912లో, యానె సందాన్‌స్కీ అనే విప్లవ నాయకుడి దళం ఊళ్లోకి వచ్చింది. 1913లో రెండో బాల్కన్ యుద్ధం తర్వాత బుకారెస్ట్ ఒప్పందంలో సరిహద్దు గీసినప్పుడు మెల్నిక్ బల్గేరియా వైపు మిగిలింది. గ్రీకు కుటుంబాల్లో ఎక్కువమంది ఊరు వదిలి ఇప్పటి గ్రీసులోని సిదిరోకాస్త్రోకు వెళ్లిపోయారు. యుద్ధంలో ఇళ్లు కాలిపోయాయి. వర్తకులు పోయారు, పాత వ్యాపార దారుల మధ్య సరిహద్దు పడింది. ద్రాక్షతీగల వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు ఆ దశాబ్దాల్లోనే బాల్కన్ తోటల్ని దెబ్బతీసింది. ఇన్ని ఒకేసారి మీద పడ్డాక ఊరు మళ్లీ కోలుకోలేదు. మీరు మంచి గైడ్‌తో వెళితే ఈ భాగాన్ని హడావుడిగా దాటించరు.

గ్లాసు పట్టుకునేముందు: రెండు ద్రాక్షలు

మెల్నిక్‌లో వినే పేర్లు చాలా ఉన్నా, రెండు గుర్తుంచుకుంటే చాలు.

మొదటిది షిరోకా మెల్నిష్కా లోజా, అంటే వెడల్పాటి ఆకుల మెల్నిక్ తీగ. ఎన్నో తరాలుగా ఇక్కడ పెరుగుతున్నది ఇదే. ఆలస్యంగా పండుతుంది కాబట్టి సుదీర్ఘమైన వెచ్చని శరత్తు కావాలి, ఆ శరత్తు ఈ లోయలో ఉంది. చల్లని ప్రాంతాల్లో ఇది పండేలోపే చలి వచ్చేస్తుంది. వైన్ రంగు మరీ ముదురు కాదు, కెంపు రంగు. పులుపు, వగరు బలంగా ఉంటాయి. చెర్రీ, పొగాకు ఆకు, ఎండు మూలికల వాసనలు. కొన్నేళ్లు నిల్వ ఉంచితే తోలు వాసన వస్తుంది, వగరు మెత్తబడుతుంది.

రెండోది మెల్నిక్ 55. దీన్నే రన్నా మెల్నిష్కా అని, అంటే త్వరగా పండే మెల్నిక్ అని పిలుస్తారు. పాత ద్రాక్ష అక్టోబరు వానల్లో చిక్కుకుని నష్టం తెస్తోందని, 20వ శతాబ్దం మధ్యలో బల్గేరియా శాస్త్రవేత్తలు దాన్ని ఫ్రెంచి రకాలతో సంకరం చేసి దీన్ని తెచ్చారు. కొన్ని వారాల ముందే కోతకు వస్తుంది. రంగు ముదురు, రుచి మెత్తన, పండు వాసన ఎక్కువ. మొదటిసారి రెడ్ వైన్ తాగేవాళ్లకు ఇదే ముందు నచ్చుతుంది.

ఇక్కడ ఒక మాట ప్రతి గైడూ చెబుతాడు: మెల్నిక్ వైన్ ఎంత చిక్కనంటే రుమాల్లో మూటగట్టి తీసుకెళ్లొచ్చట. విన్‌స్టన్ చర్చిల్ ఏటా ఈ వైన్‌ను వందల లీటర్లు తెప్పించుకునేవాడని ఇంకో మాట. రెండో దానికి గట్టి ఆధారం ఎవరూ చూపించరు. మొదటిదాన్ని మీరే పరీక్షించవచ్చు: అసలైన షిరోకా మెల్నిష్కా గ్లాసును తెల్ల కాగితం మీద వంచి చూడండి, అంచు దగ్గర వెలుతురు తేలిగ్గా దాటుతుంది. చిక్కదనం ఈ వైన్ గొప్పదనం కాదు. దాని పులుపు, వగరు, ఏళ్ల తరబడి నిలిచే శక్తి, వీటిలోనే దాని విలువ.

టేస్టింగ్ ఎలా చేయాలి

మొదటి సాయంత్రం ఊళ్లోనే ఒక సంప్రదాయ సెల్లార్‌లో చేయండి. కోర్దోపులోవ్ ఇంటి దారిలోనే షెస్తాకా పేరుతో ప్రసిద్ధమైన సెల్లార్ ఉంది, కొండలోకి తవ్విన గుహలో కూర్చోబెట్టి పోస్తారు. ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. ఇక్కడ ఇంటి తరహా వైన్ దొరుకుతుంది, కాస్త మొరటుగా ఉండొచ్చు. రెండో రోజు ఆధునిక వైనరీలో అదే ద్రాక్షతో చేసినది తాగినప్పుడు తేడా తెలుస్తుంది. రెండూ చేయాలి.

ఖాళీ కడుపుతో కూర్చోవద్దు. రొట్టె, సిరేనె అనే తెల్ల జున్ను ముందే తెప్పించుకోండి. ఆ ఉప్పటి జున్ను వగరును బాగా తగ్గిస్తుంది.

వరుస ఇలా అడగండి. ముందు తెల్ల వైన్: ఈ లోయకే చెందిన పాత రకం కెరాత్సుదా, లేదా సందాన్‌స్కీ మిస్కెట్. తర్వాత రోజే అనే గులాబీ రంగు వైన్ ఉంటే అది. ఆపైన మెల్నిక్ 55. దాని తర్వాత కొత్త షిరోకా మెల్నిష్కా. చివర్లో ఓక్ పీపాలో కొన్నేళ్లు ఉంచిన షిరోకా మెల్నిష్కా. బలమైనదాన్ని ముందు తాగితే నాలుక మొద్దుబారి మిగతావన్నీ నీళ్లలా అనిపిస్తాయి.

ప్రతి గ్లాసుకూ నిమిషం ఇవ్వండి. రంగు చూడండి. గ్లాసును తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిరగనివ్వండి. మింగాక చిగుళ్ల దగ్గర, నాలుక మీద పట్టినట్టు అనిపించేదే టానిన్. నేరేడు పండు తిన్నాక నోటికి పట్టే వగరు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ వగరు ఎంతసేపు ఉంది, దాని వెనక పండు రుచి నిలిచిందా, లేక వగరొక్కటే మిగిలిందా? ఈ ఒక్క ప్రశ్నతో మంచి షిరోకా మెల్నిష్కాను, హడావుడిగా చేసినదాన్ని వేరుచేయొచ్చు.

మామూలుగా ఒక్కో పోత 50 మిల్లీలీటర్లు ఉంటుంది. ఐదు రకాలంటే పావు లీటరు, అంటే సీసాలో మూడో వంతు. అన్నీ మింగాలని లేదు. ఉమ్మడానికి పాత్ర అడగండి, వైన్ తెలిసినవాళ్లు ఎవరూ తప్పుగా అనుకోరు. మధ్యలో నీళ్లు తాగండి. వైన్‌తో పాటు రకియా అనే ఘాటు పళ్ల సారా కూడా ఆప్యాయంగా పోస్తారు. టేస్టింగ్ పూర్తయ్యాకే దాన్ని ముట్టుకోండి, లేదా వద్దనండి.

గ్లాసు ఎత్తినప్పుడు కళ్లలోకి చూసి "నజ్‌ద్రావే" అంటారు, మీరూ అనండి. ఇంకో ముఖ్యమైన సంగతి: బల్గేరియన్లు అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే పైకెత్తి దించుతారు. మనం తల ఊపే తీరు వాళ్లను ఇంకా తికమక పెడుతుంది. ఇంకొంచెం పోయమంటారా అని అడిగినప్పుడు తలతో కాదు, నోటితో చెప్పండి. అవునంటే "దా", వద్దంటే "నే".

తాగనివాళ్లు కూడా ఈ టూర్‌కు రావచ్చు. ద్రాక్షతోట, నేలమాళిగ, రోజెన్ నడక వాళ్లకూ అంతే బాగుంటాయి. బుక్ చేసేటప్పుడే చెబితే టేస్టింగ్ డబ్బు తగ్గించే చోట్లు ఉంటాయి.

రాత్రి భోజనం

మాంసం తినేవాళ్లకు మట్టికుండలో వండే కవర్మా ఉంది. శాకాహారులు "బెజ్ మెసో" అనే మాట నేర్చుకోవాలి, మాంసం లేకుండా అని. బాబ్ చోర్బా అనే చిక్కుడు గింజల సూపు, కుండలో కాల్చిన చిక్కుళ్లు, జున్ను నింపి వేయించిన మిరప బురెక్, టమాటా, దోసకాయ, జున్నుతో చేసే షోప్‌స్కా సలాడ్, జున్ను పెట్టి పొరలుగా కాల్చే బనిత్సా, ఇవన్నీ దొరుకుతాయి. మిరప బురెక్‌లో గుడ్డు ఉంటుంది, బనిత్సాలో కూడా. చిక్కుడు సూపులోనూ ఒక్కోసారి మాంసం వేస్తారు, అడగాలి. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన సర్మీ కూడా అడిగి చూడండి, మాంసం లేకుండా చేసిన రోజైతే అదృష్టం. కారం మాత్రం ఆశించకండి.

బస్సులు వెళ్లిపోయాక వీధిలో ఒకసారి నడవండి. ఊరు ఎంత చిన్నదో అప్పుడే తెలుస్తుంది.

రెండో రోజు: ఇసుక పిరమిడ్ల మీదుగా రోజెన్

పొద్దున్నే బయలుదేరండి. మెల్నిక్ నుంచి రోజెన్ మఠానికి కొండల మీదుగా కాలిబాట ఉంది, రెండు నుంచి రెండున్నర గంటల నడక. దారి వాగు పడకలో మొదలై తర్వాత నిటారుగా ఎక్కుతుంది. చుట్టూ కనిపించే ఇసుక శిఖరాలే మెల్నిక్ పిరమిడ్లు, కొన్ని వంద మీటర్ల దాకా ఎత్తు. ఇసుక, బంకమట్టి, గులకరాళ్లు పొరలుగా పేరుకున్న నేలను వాన, గాలి కోసి ఇలా చేశాయి. 1960లో వీటిని రక్షిత ప్రకృతి స్థలంగా ప్రకటించారు.

వాన పడిన రోజుగానీ, ముందు రోజు రాత్రి గట్టిగా కురిసినప్పుడుగానీ ఈ బాటలో వెళ్లొద్దు. ఇసుక మట్టి కాలికింద జారిపోతుంది, అంచులు విరుగుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను, చిన్నపిల్లల్ని కారులో పంపండి, రోడ్డు మీద దూరం ఏడు కిలోమీటర్లే. నడిచేవాళ్లు మనిషికి కనీసం లీటరు నీళ్లు తీసుకెళ్లాలి.

రోజెన్ మఠం చిన్నది. రీలా మఠంలో ఉండే ఆర్భాటం ఇక్కడ లేదు, అందుకే నాకు ఇది ఎక్కువ ఇష్టం. చెక్క వరండాలు, లోపలి పెరట్లో అల్లుకున్న ద్రాక్ష పందిరి. చర్చిలో 1597 నాటి గోడచిత్రాలు, 1715 నాటి రంగుటద్దాలు, సన్నని పనితనంతో చెక్కిన చెక్క తెర ఉన్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, లోపల ఫోటో తీసేముందు అడగండి. మఠం దగ్గర్లోనే సిరిల్, మెథోడియస్ పేరిట కట్టిన చర్చి పక్కన యానె సందాన్‌స్కీ సమాధి ఉంది. ముందు రోజు విన్న కథలోని మనిషి, 1915లో హత్యకు గురయ్యాడు.

మధ్యాహ్నం: తోట, ఆధునిక వైనరీ

రోజెన్ నుంచి డ్రైవర్‌తో కిందికి, ద్రాక్షతోటల్లోకి రండి. హార్సోవో గ్రామం దగ్గర విల్లా మెల్నిక్, దమ్యానిత్సా గ్రామంలో దమ్యానిత్సా వైనరీ సందర్శకుల్ని తీసుకుంటాయి. ముందే బుక్ చేసుకోవాలి. దమ్యానిత్సా వాళ్ల నో మ్యాన్స్ ల్యాండ్ అనే వైన్ పేరు వెనక కథ అడగండి. కమ్యూనిస్టు కాలంలో గ్రీసు సరిహద్దు వెంట మనుషుల్ని రానివ్వని నిషిద్ధ పట్టీ ఉండేది, ఆ తర్వాత అక్కడి నేలలో తోటలు వేశారు.

టేస్టింగ్ గదికి వెళ్లేముందు తోటలో పది నిమిషాలు నడిపించమని అడగండి. షిరోకా మెల్నిష్కా తీగను, మెల్నిక్ 55 తీగను పక్కపక్కన చూపిస్తే మరీ మంచిది. తర్వాత ముందు రాత్రి వరుసనే ఇక్కడా అడగండి. ఉక్కు ట్యాంకుల్లో, ఉష్ణోగ్రత అదుపులో పెట్టి చేసిన వైన్‌లో పండు వాసన శుభ్రంగా తెలుస్తుంది. సెల్లార్‌లో తాగినదానికన్నా ఇది గొప్పదని వెంటనే తేల్చేయకండి. రెండింట్లోనూ ఆ వగరు, ఆ పొగాకు వాసన ఉన్నాయా అని వెతకండి.

కొనడం, ఇంటికి తేవడం

ఊళ్లో ప్లాస్టిక్ సీసాల్లో, చిన్న మట్టి కూజాల్లో అమ్మే వైన్ ఆ రోజు సాయంత్రం తాగడానికే, విమానంలో తేవడానికి కాదు. మూత గట్టిగా ఉండదు, త్వరగా పులిసిపోతుంది. తెచ్చుకోవాలంటే వైనరీలోనే లేబుల్ ఉన్న సీసా కొనండి. లేబుల్ మీద ద్రాక్ష పేరు, పంట సంవత్సరం చూడండి. ఒక్కటే కొనాలంటే పీపాలో ఉంచిన షిరోకా మెల్నిష్కా కొనండి, ఇంకో రెండు మూడేళ్లు దాచినా బాగుంటుంది. మెల్నిక్ 55 అయితే త్వరగా తెరిచేయండి.

భారత కస్టమ్స్ నిబంధనల ప్రకారం పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తేవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు. చేతి సంచిలో వీల్లేదు, చెకిన్ సామానులోనే పెట్టాలి. సీసాకు ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద మందపాటి బట్టలు చుట్టి, సూట్‌కేసు మధ్యలో ఉంచండి. ఇంటికి చేరాక వారం పదిరోజులు కదపకుండా, వంటింటికి దూరంగా, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో పడుకోబెట్టండి. మన ఎండల్లో అలాంటి గది లేకపోతే ఫ్రిజ్‌లోనే పెట్టి, తాగడానికి అరగంట ముందు బయటికి తీయండి.